ర్యాపర్ సంగీతకారుడు కాడా? 'వాయించేవాళ్లు', 'కొట్టేవాళ్లు' అనే పాత లెక్క

2016 ఏప్రిల్‌లో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లో జరిగిన సభలో ఎన్.డబ్ల్యు.ఎ. అనే ర్యాప్ బృందాన్ని 'రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్'లో చేర్చుకున్నారు. లాస్ ఏంజిలిస్ పక్కనున్న కాంప్టన్‌లోని నల్లజాతి బస్తీల నుంచి వచ్చిన బృందం అది. పోలీసుల దౌర్జన్యం మీద పాట కట్టినందుకు 1989లో వాళ్ల రికార్డు కంపెనీకి ఎఫ్‌బీఐ నుంచి హెచ్చరిక ఉత్తరం వెళ్లింది. సభకు కొన్ని వారాల ముందు, కిస్ అనే రాక్ బ్యాండ్‌కు చెందిన జీన్ సిమన్స్, ర్యాప్ ఎప్పుడు చస్తుందా అని ఎదురుచూస్తున్నానని ఒక ఇంటర్వ్యూలో అన్నారు. ర్యాపర్లు గిటార్ వాయించరు, పాట పాడరు, రాక్ వాళ్ల ఇంట్లో వాళ్లకేం పని అన్నది ఆయన అంతకుముందు నుంచీ చేస్తున్న వాదన. ఎన్.డబ్ల్యు.ఎ. సభ్యుడు ఐస్ క్యూబ్ ఆ వేదిక మీదే జవాబు చెప్పారు. రాక్ అండ్ రోల్ అంటే ఫలానా వాయిద్యం కాదు, ఫలానా శైలి కూడా కాదు, బ్లూస్ కాలం నుంచీ జనాన్ని నడిపిస్తూ వచ్చిన ఒక స్ఫూర్తి అని ఆయన మాటల సారం.

ఎవరు గొప్ప అనే అభిమానుల గొడవలా కనిపిస్తుంది గానీ ఇది అంత చిన్నది కాదు. 'సంగీతకారుడు' అనేది బిరుదు మాత్రమే అయితే మనం పట్టించుకోనక్కర్లేదు. ఆ మాట వెంట రాయల్టీ డబ్బు వస్తుంది. కోర్టులో పాటను పాటగా చూస్తారా, నేరాంగీకార పత్రంగా చూస్తారా అన్నది కూడా దాని మీదే ఆధారపడుతుంది. అమెరికాలో ఈ గీత రంగును బట్టి పడింది. మన దగ్గర కులాన్ని బట్టి పడింది. రెండూ ఒకటి కావు, కానీ గీత గీసే పద్ధతిలో పోలికలున్నాయి.

మన భాషనే చూడండి. వీణ వాయిస్తారు, వయొలిన్ వాయిస్తారు, మృదంగం కూడా వాయిస్తారు. డప్పు మాత్రం ఎక్కువమంది నోట 'కొడతారు'. మృదంగం మీద పడేది చెయ్యే, డప్పు మీద పడేది పుల్లే, రెండింటికీ చర్మమే ఆధారం. అయినా ఒకటి విద్య, ఒకటి పని. 'సొంత డప్పు కొట్టుకోవడం' అని తిట్టుగా వాడే మాట ఉంది గానీ 'సొంత వీణ వాయించుకోవడం' అనే మాట లేదు. ర్యాపర్ గురించి రాక్ గిటారిస్టు చేసే ఫిర్యాదు వింటే మాదిగవాడలో పెరిగినవాళ్లకు కొత్తగా అనిపించదు.

రెండు టర్న్‌టేబుళ్లు

హిప్‌హాప్ పుట్టుకకు సాధారణంగా చెప్పే తేదీ 1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ భవనం. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి స్కూలు తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కోసం భవనంలోని కామన్ హాల్లో పార్టీ పెట్టింది. అమ్మాయిలకు 25 సెంట్లు, అబ్బాయిలకు 50 సెంట్లు టికెట్టు. పాటలు వేసింది ఆమె అన్న క్లైవ్, అంటే డీజే కూల్ హెర్క్. వీళ్లది జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం. చరిత్రలో అన్న పేరు నిలిచినంతగా చెల్లెలి పేరు నిలవలేదు.

ఆనాటి బ్రాంక్స్‌ను గుర్తుంచుకోవాలి. క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే అనే పెద్ద రోడ్డు కోసం వేలాది కుటుంబాలను ఖాళీ చేయించారు. ఇళ్లు తగలబడిపోతుంటే ఫైర్ స్టేషన్లు మూసేశారు. 1975లో నగరం దివాలా అంచుకు వచ్చాక వేలాది టీచర్లను తీసేశారు, బళ్లలో సంగీతం క్లాసుల మీద కూడా వేటు పడింది. అందుకే పిల్లలకు వాయిద్యాలు దొరకక రికార్డు ప్లేయర్లతో సరిపెట్టుకున్నారని ఒక కథనం ఉంది. అది సగం నిజం. అదే బ్రాంక్స్‌లో సల్సా బ్యాండ్లూ ఫంక్ బ్యాండ్లూ వాయిస్తూనే ఉన్నాయి. 'గతిలేక చేసిన సంగీతం' అనేస్తే దాని వెనకున్న ఎంపిక, సాధన రెండూ మాయమైపోతాయి. పేదవాళ్ల కళ గురించి జాలిగా రాసేవాళ్లు తరచూ చేసే పొరపాటు ఇది.

హెర్క్ గమనించింది ఏమిటంటే, పాటలో మిగతా వాయిద్యాలు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే కొన్ని సెకన్ల దగ్గర జనం పిచ్చెక్కినట్టు నాట్యం చేస్తున్నారు. ఆ ముక్కను 'బ్రేక్' అంటారు. ఒకే రికార్డు రెండు ప్రతులను రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదాని మీద బ్రేక్ అయిపోగానే రెండోదాని మీద మొదలుపెట్టి, అయిదు సెకన్లను అయిదు నిమిషాలు చేశాడు. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ దాన్ని శాస్త్రంలా మార్చాడు. బార్బడోస్‌లో పుట్టి బ్రాంక్స్‌లో పెరిగిన ఈయన వృత్తి విద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ చదివాడు. రికార్డు మీద క్రేయాన్‌తో గీత పెట్టి, అది ఎన్ని చుట్లు వెనక్కి తిప్పితే బ్రేక్ మొదటికి వస్తుందో లెక్కగట్టాడు. ఒక రికార్డు జనానికి వినిపిస్తుంటే రెండోది తనకు మాత్రమే హెడ్‌ఫోన్లో వినపడేలా పరికరాన్ని సొంతంగా అమర్చుకున్నాడు. ఆ తర్వాత గ్రాండ్ విజార్డ్ థియడోర్ అనే కుర్రాడు రికార్డును చేత్తో ముందుకూ వెనక్కూ జరిపితే వచ్చే గీరు శబ్దాన్ని తాళంలో కూర్చాడు. గదిలో మోత ఎక్కువైందని వాళ్లమ్మ కోప్పడడానికి వస్తే రికార్డును చేత్తో ఆపినప్పుడు అది దొరికిందని చెబుతారు. అదే 'స్క్రాచింగ్'.

ఇప్పుడు చెప్పండి, ఇది వాయించడం కాదా? వేళ్ల కదలిక ఉంది, తాళజ్ఞానం ఉంది, తప్పితే అందరికీ తెలిసిపోతుంది, ఏళ్ల తరబడి సాధన కావాలి. 2000ల మొదట్లో బాస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాల టర్న్‌టేబుల్‌ను వాయిద్యంగా నేర్పే కోర్సు పెట్టింది. స్క్రాచింగ్‌కు స్వరలిపి లాంటి రాత పద్ధతులు కూడా వచ్చాయి. కాలేజీ ఒప్పుకుంది కాబట్టే అది వాయిద్యం అయిందని మనం అనకూడదు. పాతికేళ్ల ముందు నుంచీ అది వాయిద్యమే.

మాట పలకడంలో సంగీతం

డీజే సంగతి ఒప్పుకున్నవాళ్లు కూడా ర్యాపర్ దగ్గర ఆగిపోతారు. 'వాడు మాట్లాడుతున్నాడు, పాడడం లేదు' అంటారు. 2015లో రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ కూడా ఇలాంటి మాటే అన్నారు. డ్రమ్ము మోగుతుంటే దాని మీద ఎవరో అరిస్తే చాలని, శ్రుతి తెలియని జనం ఎంతమంది ఉన్నారో ర్యాప్ చూపించిందని ఎగతాళి చేశారు.

శ్రుతి అన్నది సంగీతంలో ఒక భాగం. లయ ఇంకో భాగం. ర్యాప్‌లో బరువంతా లయ మీద ఉంటుంది. ఏ అక్షరం బీట్ మీద పడాలి, ఏది బీట్‌కు కాస్త ముందు పడాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, పాదం చివరే కాకుండా పాదం మధ్యలో ప్రాసలు ఎలా దాచాలి అన్నవన్నీ కూర్పుకు సంబంధించిన నిర్ణయాలే. ఎరిక్ బి. అండ్ రాకిమ్ జంట 1987లో తెచ్చిన ఆల్బంతో ఈ పద్ధతే మారిపోయింది. రాకిమ్ చిన్నప్పుడు సాక్సఫోన్ వాయించాడు. జాన్ కోల్ట్రేన్ సాక్సఫోన్ మీద పలికించే వరసల నుంచి తన మాటల నడకను నేర్చుకున్నానని ఆయనే చాలాసార్లు చెప్పాడు. ఒగ్గుకథలో, బుర్రకథలో, చిందు యక్షగానంలో మాటకూ పాటకూ మధ్య ఉండే ఆ పలుకును విన్న తెలుగువాళ్లకు ఇది అర్థం చేసుకోవడం కష్టం కాకూడదు.

మూడో మనిషి ప్రొడ్యూసర్. సినిమా నిర్మాత కాదు, బీట్ తయారుచేసే మనిషి. డెట్రాయిట్‌కు చెందిన జె డిల్లా ఎంపీసీ అనే యంత్రం మీద డ్రమ్ము దెబ్బలను గడియారంలా సరిగ్గా పడనివ్వకుండా కావాలని అటూ ఇటూ జరిపి కొత్త నడక తెచ్చాడు. ఆయన 2006లో 32 ఏళ్ల వయసులో చనిపోయాడు. తర్వాతి తరం జాజ్ డ్రమ్మర్లు ఆ యంత్రపు నడకను చేత్తో వాయించడానికి కూర్చుని సాధన చేశారు. డాన్ చార్నస్ 2022లో రాసిన 'డిల్లా టైమ్' అనే పుస్తకం దీని గురించే. ఆయన యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియంలో ఉంది. ఇక 'నిజమైన వాయిద్యాలు' కావాలనేవాళ్ల కోసం ఫిలడెల్ఫియాకు చెందిన ది రూట్స్ ఉండనే ఉంది. ముప్పై ఏళ్లకు పైగా డ్రమ్ములు, గిటార్లతో హిప్‌హాప్ వాయిస్తున్న బ్యాండ్ అది.

రాక్ ఎవరిది?

రాక్ గిటారిస్టులు సంగీతం చదువుకున్నవాళ్లు, ర్యాపర్లు చదువుకోనివాళ్లు అనే భేదం కూడా నిలబడదు. జాన్ లెన్నన్‌కు, పాల్ మెకార్ట్‌నీకి స్వరలిపి చదవడం రాదు. జిమి హెండ్రిక్స్‌కూ రాదు. అందుకని వాళ్లను సంగీతకారులు కాదన్నవాళ్లు లేరు.

అసలు రాక్ నల్లజాతి సంగీతం. సిస్టర్ రోజెట్టా థార్ప్ అనే నల్లజాతి మహిళ చర్చి పాటలు పాడుతూ ఎలక్ట్రిక్ గిటార్ వాయించిన తీరు లేకపోతే 1950ల రాక్ అండ్ రోల్ లేదు. ఆమె 1973లో చనిపోయింది. హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను 2018లో గుర్తుపెట్టుకుంది. బిగ్ మామా థార్న్‌టన్ 1952లో పాడి, 1953లో హిట్ చేసిన 'హౌండ్ డాగ్'ను 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. తనకు దక్కింది 500 డాలర్ల చెక్కు ఒక్కటేనని ఆమె చెప్పేది. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేరింది 2024లో. లెడ్ జెపెలిన్ 1969లో తెచ్చిన 'హోల్ లాటా లవ్' పాట, బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ మడీ వాటర్స్ కోసం రాసిన పాటకు దగ్గరగా ఉందని 1985లో కేసు పడింది. రెండేళ్ల తర్వాత రాజీ కుదిరాక గానీ డిక్సన్ పేరు రచయితగా ఎక్కలేదు.

కాబట్టి 'ర్యాపర్లు వేరేవాళ్ల పాటలు ఎత్తుకొస్తారు' అనే నింద వేసేటప్పుడు రాక్ చరిత్రను కూడా తెరిచి పెట్టుకోవాలి. తెల్ల కుర్రాళ్లు బ్లూస్ వరసలు తీసుకుంటే 'ప్రభావం' అయింది. నల్ల కుర్రాళ్లు రికార్డు ముక్క తీసుకుంటే 'దొంగతనం' అయింది.

దెబ్బ వేసినవాడికి దక్కనిది

ఇక్కడ హిప్‌హాప్‌ను పూర్తిగా వెనకేసుకు రావడం కూడా కుదరదు. పాత రికార్డులోంచి ముక్క తీసి కొత్త పాటలో వాడడాన్ని శాంప్లింగ్ అంటారు. ప్రపంచంలో ఎక్కువసార్లు ఇలా వాడిన ముక్కల్లో రెండింటి కథ చెప్తాను.

ఒకటి, ది విన్‌స్టన్స్ అనే బృందం 1969లో చేసిన 'ఆమెన్, బ్రదర్'. అందులో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఆరేడు సెకన్లు, నాలుగు తాళావృత్తాలు ఒంటరిగా వాయించాడు. ఆ ఆరేడు సెకన్లు వేల పాటల్లోకి వెళ్లాయి. బ్రిటన్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే శైలులే దాని మీద పుట్టాయి. కోల్‌మన్‌కు దాని మీద పైసా రాలేదు. 2006లో ఇల్లూ వాకిలీ లేని స్థితిలో చనిపోయాడు. 2015లో బ్రిటన్‌లోని ఒక డీజే చందాలు పోగుచేసి 24 వేల పౌండ్లు బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు అందజేశాడు.

రెండోది, జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్'. 1969 నవంబర్‌లో రికార్డ్ చేశారు. పాట పేరులోనే డ్రమ్మర్ ఉన్నాడు, పాట రచయితల జాబితాలో లేడు. క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే ఆ డ్రమ్మర్ వేసిన దరువు పబ్లిక్ ఎనిమీ దగ్గర నుంచి ఎందరో వాడుకున్నారు. ఆయన క్యాన్సర్ వైద్యం ఖర్చులు గాయకుడు ప్రిన్స్ గుట్టుగా కట్టాడని ప్రిన్స్ చనిపోయాక బయటికి వచ్చింది. స్టబుల్‌ఫీల్డ్ 2017లో మరణించాడు.

ఈ ఇద్దరినీ దోచుకున్నది ర్యాపర్లేనా? ర్యాపర్లూ వాడుకున్నారు, నిజమే. కానీ అసలు కిటుకు చట్టంలో ఉంది. పాటకు 'రచయిత' అంటే రాగం కట్టినవాడు, మాట రాసినవాడు. దరువు వేసినవాడు కూలికి వచ్చిన పనివాడు. రాగం ఆస్తి, లయ ఆస్తి కాదు. యూరప్ సంగీతం కాగితం మీద నిలిచింది కాబట్టి కాగితం మీద పెట్టగలిగినదే ఆస్తిగా లెక్కకొచ్చింది. ఆఫ్రికా నుంచి వచ్చిన లయ సంప్రదాయం ఆ లెక్కలో జారిపోయింది. నా దృష్టిలో ఈ మొత్తం చర్చకు ఇదే గుండెకాయ. ఎవరు సంగీతకారుడు అన్న ప్రశ్నకు చట్టం ముందే ఒక జవాబు పెట్టుకుని కూర్చుంది.

కోర్టులు ఆ తర్వాత శాంప్లింగ్ మీద పడ్డాయి. 1991లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు జడ్జి కెవిన్ డఫీ, ర్యాపర్ బిజ్ మార్కీ మీద ఇచ్చిన తీర్పును దొంగిలించరాదన్న బైబిల్ ఆజ్ఞతో మొదలుపెట్టాడు. క్రిమినల్ కేసు పెట్టొచ్చేమో చూడమని ప్రాసిక్యూటర్లకు కూడా పంపాడు. బిజ్ మార్కీ తన తర్వాతి ఆల్బంకు 'అన్ని శాంపిళ్లకూ అనుమతి తీసుకున్నాం' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. 2005లో ఇంకో కోర్టు మరింత ముందుకెళ్లింది. ఎన్.డబ్ల్యు.ఎ. పాటలో ఫంకడెలిక్ బృందం గిటార్ నుంచి తీసుకున్న సుమారు రెండు సెకన్ల ముక్కకు కూడా లైసెన్స్ ఉండాల్సిందేనంది. 2016లో మరో ప్రాంతపు అప్పీలు కోర్టు దీనితో విభేదించింది. ఈ తీర్పులతో లాభపడింది వాయించినవాళ్లు కాదు, హక్కులు కొనిపెట్టుకున్న కంపెనీలు. వందల ముక్కలతో పాట అల్లిన పబ్లిక్ ఎనిమీ 1988 నాటి ఆల్బం లాంటిది తర్వాత చేయాలంటే ఖర్చు మోయలేని పరిస్థితి వచ్చింది. డి లా సోల్ తొలి ఆల్బం 1989లో వస్తే, ఈ హక్కుల చిక్కులు తేలి స్ట్రీమింగ్‌లోకి వచ్చేసరికి 2023 అయింది.

పాటా, వాంగ్మూలమా?

సంగీతకారుడిగా లెక్కలోకి రాకపోతే జరిగే నష్టం జైలు దాకా వెళ్తుంది. 1996లో క్యారీ ఫ్రైడ్ అనే మనస్తత్వ పరిశోధకురాలు ఒక ప్రయోగం ప్రచురించింది. కింగ్‌స్టన్ ట్రియో అనే తెల్లజాతి బృందం 1960లో పాడిన, పోలీసును చంపిన మనిషి గురించిన పాట మాటలను తీసుకుని, కొందరికి 'ఇది ర్యాప్' అని, కొందరికి 'ఇది కంట్రీ పాట' అని చెప్పి చదివించింది. మాటలు అవే. ర్యాప్ అని విన్నవాళ్లకు అది ప్రమాదకరంగా, అభ్యంతరకరంగా తోచింది. 2016లో మరో పరిశోధక బృందం మళ్లీ చేసి చూస్తే ఫలితం అటే మొగ్గింది.

ప్రయోగశాల బయట దీని రూపం న్యూజెర్సీలో వాంటే స్కిన్నర్ కేసు. హత్యాయత్నం విచారణలో ప్రాసిక్యూషన్ ఆయన రాసుకున్న ర్యాప్ పాటలు 13 పేజీలు జ్యూరీకి చదివి వినిపించింది. అవి నేరానికి చాలా ముందు రాసినవి, ఆ ఘటనతో సంబంధం లేనివి. 2014లో రాష్ట్ర సుప్రీంకోర్టు అది తప్పని తేల్చింది. షెరీఫ్‌ను కాల్చానని పాడిన బాబ్ మార్లీ నిజంగా కాల్చాడని ఎవరూ అనుకోరు కదా అని తీర్పులో గుర్తుచేసింది. కాలిఫోర్నియా 2022లో ఒక చట్టం చేసింది. కళాకారుల పాటలను సాక్ష్యంగా తెచ్చేముందు అవి జాతి వివక్షకు దారి తీస్తాయా అని జడ్జి చూడాలని దాని ఉద్దేశం. చాలా రాష్ట్రాల్లో ఇప్పటికీ అలాంటి రక్షణ లేదు.

మనకు ఇది దూరపు సంగతి కాదు. మహారాష్ట్రలో కబీర్ కళా మంచ్ గాయకులు శీతల్ సాఠే, సచిన్ మాలీ 2013లో అరెస్టయ్యారు. అదే బృందానికి చెందిన సాగర్ గోర్ఖే, రమేష్ గాయ్‌చోర్‌లను 2020లో భీమా కోరేగావ్ కేసులో అరెస్టు చేశారు. ఆ సభలో పాడిన పాటలే ఆరోపణల్లో భాగం. ఇక్కడ 1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద కాల్పులు జరిగాయి, ఒక తూటా ఆయన బతికినన్నాళ్లూ ఒంట్లోనే ఉంది. ఆయన్ను 'ప్రజాగాయకుడు' అన్నాం, ప్రేమగానే అన్నాం. కానీ కొత్త దరువులు, కొత్త నడకలు కట్టిన స్వరకర్తగా సంగీత విద్యార్థులకు ఆయన్ను పాఠంగా చెప్పింది ఎంత?

గుర్తింపులు, ఇంటి లోపలి విమర్శ

గుర్తింపుల జాబితాను త్వరగా చూద్దాం. గ్రామీ పురస్కారాల్లో ర్యాప్‌కు విభాగం పెట్టింది 1989లో, దాన్ని టీవీలో చూపించకపోవడంతో గెలిచినవాళ్లతో సహా పలువురు బహిష్కరించారు. హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి మొదటి హిప్‌హాప్ బృందంగా గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ది ఫ్యూరియస్ ఫైవ్ వెళ్లింది 2007లో. మొదటి మహిళా ర్యాపర్ మిస్సీ ఎలియట్ 2023లో. 2018లో కెండ్రిక్ లమార్ 'డ్యామ్' ఆల్బంకు పులిట్జర్ సంగీత బహుమతి వచ్చింది. శాస్త్రీయ సంగీతం, జాజ్ కానిదానికి అది రావడం అదే మొదలు. ఇదే పులిట్జర్ బోర్డు 1965లో జాజ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం ఇవ్వమని న్యాయనిర్ణేతలు చెబితే కాదంది. జాజ్‌కు ఆ తలుపు తెరుచుకుంది 1997లో, వింటన్ మార్సాలిస్‌తో.

అదే మార్సాలిస్ 2018లో ర్యాప్ గురించి చాలా కటువుగా మాట్లాడారు. నల్లజాతికి జనరల్ లీ విగ్రహం కంటే ర్యాప్ చేసే చెడే ఎక్కువన్నారు. పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసిన సి. డెలొరిస్ టక్కర్ 1990ల్లో గ్యాంగ్‌స్టా ర్యాప్‌లోని స్త్రీ ద్వేషం మీద ఏళ్లపాటు పోరాడారు. హిప్‌హాప్‌ను ప్రేమించే జోన్ మోర్గన్ కూడా 1999 నాటి తన పుస్తకంలో ఆ ద్వేషాన్ని దాచలేదు. ఇది జీన్ సిమన్స్ మాటతో కలిపేయాల్సిన విమర్శ కాదు. ఒక పాట ఆడవాళ్లను అవమానిస్తుందా అన్నది వేరు, అది సంగీతమా కాదా అన్నది వేరు. మొదటిదానికి జవాబు చెప్పకుండా రెండోదాని చాటున దాక్కోవడం ఏ ఉద్యమానికీ మంచిది కాదు.

ఇక్కడ, మన దగ్గర

2018 జనవరిలో చెన్నైలో 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' తొలి కచేరీ జరిగింది. దర్శకుడు పా. రంజిత్ నీలం సంస్థ, సంగీత దర్శకుడు టెన్మా కలిసి కూర్చిన బృందం అది. గానా పాట, పఱై, ర్యాప్, రాక్ గిటార్ ఒకే వేదిక మీద. రాకా, ర్యాపా అన్న ప్రశ్న ఆ వేదిక మీద అర్థం లేనిదైపోయింది. ఒడిశా కోరాపుట్ నుంచి వచ్చిన సుమీత్ సామోస్ కులం మీద ర్యాప్ చేసిన తొలితరం గొంతుల్లో ఒకరు.

క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ నుంచి వచ్చిన అరివు కథ ఈ వ్యాసానికి అచ్చంగా సరిపోతుంది. 2021 మార్చిలో వచ్చిన 'ఎంజాయ్ ఎంజామి' పాటలో శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసిన ఆయన నాన్నమ్మ వల్లియమ్మ జ్ఞాపకాలున్నాయి. పాట రాసి, ధీతో కలిసి పాడింది అరివు. సంగీతం సంతోష్ నారాయణన్ పేరున వచ్చింది. ఆ ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ, షాన్ విన్సెంట్ డి పాల్ ఉన్నారు. వాళ్ల రెండు పాటలూ రాసిన అరివు లేడు. రంజిత్ సహా చాలామంది నిలదీశాక అరివుతో డిజిటల్ ముఖచిత్రం వేశారు. 2022 జులైలో చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభంలో ఆ పాట పాడినప్పుడు కూడా వేదిక మీద అరివు లేడు. తనకెవరూ ట్యూన్ ఇవ్వలేదని, మాట ఇవ్వలేదని, ఆ పాట కట్టడానికి నిద్ర లేకుండా కష్టపడ్డానని అప్పుడు ఆయన రాశాడు. సంగీతం కూర్చింది తానేనని, హక్కులు, ఆదాయం ముగ్గురూ సమానంగా పంచుకునేలా ఒప్పుకున్నామని సంతోష్ నారాయణన్ బదులిచ్చారు. తమలో ఎవరికీ ఆ పాట మీద ఒక్క రూపాయి కూడా అందలేదని 2024లో ఆయనే బయటపెట్టారు. ఇద్దరిలో ఎవరి మాట ఎంత అన్నది పక్కన పెట్టినా, గొడవ ఏ మాట మీద నడిచిందో చూడండి. 'కట్టడం' అన్న మాట మీద. ఒప్పారి లయలోంచి, నాన్నమ్మ మాటలోంచి పలుకు తెచ్చినవాడు గీత రచయితేనా, సంగీతంలో భాగస్వామి కాడా?

మన కాపీరైట్ చట్టం దీనికి ఏం చెబుతుందో విద్యార్థులు తెలుసుకోవాలి. 1957 చట్టం మొదట్లో, రాతలోనో ముద్రణలోనో ఉన్న రాగ, స్వర సమ్మేళనాన్ని మాత్రమే 'సంగీత రచన' అంది. స్వరలిపి రాయని పాటగాళ్లందరూ ఆ నిర్వచనం బయటే ఉండిపోయారు. 1994 సవరణతో ఆ షరతు పోయింది. సెక్షన్ 2(ఎఫ్ఎఫ్ఎ) ప్రకారం, రాసిపెట్టినా పెట్టకపోయినా సంగీతం కూర్చినవాళ్లే స్వరకర్త. అయితే సెక్షన్ 2(పి) సంగీతంతో పాటు పాడే, పలికే మాటలను సంగీత రచనలోంచి మినహాయిస్తుంది. ఆ మాటలు 'సాహిత్య రచన' కిందికి వస్తాయి. అంటే ర్యాపర్ చేసే పనిలో మాట వరకు గీత రచయిత హక్కు, పలికినందుకు ప్రదర్శకుడి హక్కు దక్కుతాయి. ఆ పలుకు నడకను సంగీతంగా ఒప్పించడం మాత్రం ఒప్పందం మీదే ఆధారపడి ఉంటుంది. 2012 సవరణ ఇంకో మేలు చేసింది. సినిమాలోకి వెళ్లిన పాట థియేటర్ బయట వినబడినప్పుడల్లా రచయితకు, స్వరకర్తకు సమాన వాటాలో రాయల్టీ రావాలి. సినిమాలో భాగం కాని రికార్డింగులకూ ఆ రక్షణ ఉంది. వారసులకో, వసూలు సొసైటీకో తప్ప ఆ హక్కును ఎవరికీ రాసివ్వడానికి వీల్లేదు. మొత్తం ఒకేసారి తీసుకుని సంతకం పెట్టమని కంపెనీ ఏ కాగితం ముందు పెట్టినా ఆ హక్కు పోదు.

డప్పు విషయానికి వస్తే, చావుకు డప్పు కొట్టబోమని చెప్పి వెలివేత ఎదుర్కొన్న ఊళ్ల సంగతి ఈ పాఠకులకు కొత్త కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన ఉద్యమం 'దండోరా' అనే పేరునే ఎత్తుకుంది. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయనది మాదిగలను ఆశ్రయించి బతికిన డక్కలి కులం. పురస్కారానికి కొద్దిగా ముందు ఒక సినిమా పాటలో ఆయన గొంతు వినబడ్డాకే చాలామందికి ఆయన పేరు తెలిసింది. మృదంగం సంగతి ఇంకో రకం. దాన్ని వాయించే విద్వాంసుల పేర్లు రికార్డుల మీద ఉంటాయి. చర్మం ఎంచి, చెవితో శ్రుతి చూసి దాన్ని తయారుచేసే దళిత క్రైస్తవ కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాస్తే, దాని ఆవిష్కరణకు ఇచ్చిన హాలును చెన్నై కళాక్షేత్ర చివరి క్షణంలో వెనక్కి తీసుకుంది. ఆవిష్కరణ వేరే చోట జరిగింది.